బేరంలో తగ్గేది ఏది?

ఇంటి వెనక సెప్టిక్ ట్యాంకు నిండినా, ఇంటి ముందు కాలువ అడ్డుపడి పొంగినా మనకు తోచేవి రెండే ప్రశ్నలు: ఎవరిని పిలవాలి, ఎంతకు ఒప్పించాలి. వచ్చేవాడు ఏం తెస్తాడు, దేనితో తీస్తాడు, తీసింది ఎక్కడ పోస్తాడు అన్నవి అతని తలనొప్పిగా వదిలేస్తాం. డబ్బు సంగతి మనది, సామాను సంగతి అతనిది అన్న ఈ పంపకం పైకి న్యాయంగానే కనిపిస్తుంది. మేస్త్రీని పనికి మాట్లాడుకున్నప్పుడు అతని తాపీ ఏ రకానిదని అడగం కదా! కానీ మురుగు తీసే పనిలో ఈ పంపకం చెల్లదు. ఇక్కడ ధర కుదిరినప్పుడే సామానూ కుదిరిపోతుంది. ఎంత ఇస్తామో తేలగానే గుంతలోకి పైపు దిగుతుందా, మనిషి దిగుతాడా అన్నదీ తేలిపోతుంది. అందుకే సామాను ఏదో ముందు తేల్చుకుని ధర తర్వాత కట్టాలి తప్ప, ధర కట్టేసి అందులో సామాను పట్టించకూడదన్నది నా వాదన.

శ్రీ సత్యసాయి జిల్లా, ధర్మవరం నియోజకవర్గంలోని తాడిమర్రిని ఉదాహరణగా పెట్టుకుందాం. మండల కేంద్రమే అయినా మునిసిపాలిటీ కాదు, గ్రామ పంచాయతీ. ఇలాంటి ఊళ్లలో స్నానాల నీళ్లు, వంటింటి నీళ్లు వీధి కాలువలో కలుస్తాయి. మరుగుదొడ్డి నీళ్లు మాత్రం ఎవరి గుంతలోకి వాళ్లవి పోతాయి. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలయ్యాక ఇంటికి 12 వేల రూపాయల ప్రోత్సాహకంతో పల్లెల్లో మరుగుదొడ్ల కట్టడం ఊపందుకుంది. కట్టడానికి పథకం ఉంది, ఫొటో ఉంది, లెక్క ఉంది. నిండాక తీయడానికి మాత్రం ఉన్నది బేరం ఒక్కటే. వీధి కాలువ పూడిక పంచాయతీ చూసుకుంటుంది, గుంత మాత్రం ఇంటివాడి సొంత వ్యవహారం. పట్టణంలో నాలుగు బండ్లు పోటీపడతాయి కాబట్టి ధర ఎంతో కొంత తెలుస్తుంది. మండల కేంద్రంలో గిరాకీ తక్కువ, దూరం ఎక్కువ. అవసరం తలకు మించినప్పుడే పిలుస్తాం, పిలిచినప్పుడు ఎంత చెబితే అంతకు ఒప్పుకోవాలి. లేదంటే తక్కువకు చేసే మనిషిని వెతుక్కోవాలి. ఆ తక్కువకు చేసే మనిషి ఏం లేకుండా చేస్తున్నాడో చూడటమే మన పని.

అది చూడాలంటే గుంత లోపల ఏముంటుందో కొంచెం తెలియాలి. సెప్టిక్ ట్యాంకులో మూడు పొరలుంటాయి. పైన తెట్టు, మధ్యలో పలచని నీరు, అడుగున బరువైన బురద. వాక్యూమ్ బండి పైపు దించితే మధ్యలో నీరు నిమిషాల్లో పోతుంది. తెట్టును నాలుగు పోట్లు పొడిచి కలిపితే అదీ పోతుంది. చిక్కంతా అడుగు పొరతోనే. రెండు మూడేళ్లకోసారి తీసే ట్యాంకులో ఆ పొర జారుగా ఉంటుంది, పంపు లాగేస్తుంది. పది పదిహేనేళ్లు ముట్టని గుంతలో అది ఇసుకతో, బట్ట పేలికలతో, ప్లాస్టిక్ కవర్లతో కలిసి గట్టిపడిపోతుంది. పంపు బలానికీ ఒక హద్దుంది. ఎంత ఖరీదైన వాక్యూమ్ పంపయినా మంచినీళ్లనే పది మీటర్లకు మించి పైకి పీల్చలేదు, ఎందుకంటే నీటిని పైకి నెట్టేది నిజానికి పంపు కాదు, బయటి గాలి ఒత్తిడి. బురద దగ్గరికి వచ్చేసరికి ఆ హద్దు ఇంకా చాలా కిందికి దిగుతుంది. ఇక బండి సందు మొదట్లోనే ఆగిపోయి, పైపు ఇళ్ల మధ్యనుంచి పాకించుకు రావలసి వస్తే పీల్చే బలం దారిలోనే సగం ఖర్చయిపోతుంది. అప్పుడు అడుగున మిగిలిన జానెడు గట్టి బురదకు రెండు దారులు. పైనుంచి జోరుగా నీళ్లు కొట్టి కరిగించడం ఒకటి, పార, బకెట్టు ఇచ్చి మనిషిని దించడం రెండోది. మొదటిదానికి జెట్ పంపు కావాలి, నీళ్లు కావాలి, ఇంకో గంట కావాలి, బహుశా ఇంకో లోడూ కావాలి. రెండోదానికి పైన ఇంకో ఐదు వందలు చేతిలో పెడితే చాలు.

ఆ ఐదు వందల దారిలో ఏముందో విజ్ఞానం స్పష్టంగా చెబుతుంది. బురదలో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్, కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా చిక్కుకుని ఉంటాయి. కదపనంతసేపూ అవి అక్కడే ఉంటాయి, పార దించగానే పైకి లేస్తాయి. పాత బావిలో దిగేముందు లాంతరు దించి చూసే అలవాటు మన పల్లెలకు తెలుసు. దీపం ఆరితే గాలి లేదని అర్థం. ఆ పరీక్ష ప్రాణవాయువు ఉందో లేదో కొంతవరకు చెబుతుంది కానీ విషవాయువు సంగతి చెప్పదు. సెప్టిక్ ట్యాంకులో అయితే మీథేన్ అంటుకునే ప్రమాదం కూడా ఉంది. ముక్కును నమ్ముకుందామా అంటే అదీ కుదరదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెంగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది, గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు చేరేసరికి ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది. ఏడు వందలు దాటి వెయ్యికి దగ్గరయ్యేసరికి ఒకటి రెండు ఊపిరుల్లో మనిషి కూలిపోవచ్చు. కంపు తగ్గిందని సంతోషించే క్షణమే ప్రమాదం ముదిరిన క్షణం కావచ్చు. పడినవాణ్ని లాగడానికి దిగిన రెండోవాడు, మూడోవాడు కూడా పోయిన వార్తలు మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. 2019 నుంచి 2023 వరకు మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో ప్రమాదకరంగా దిగి 377 మంది చనిపోయారని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. ముఖానికి కట్టుకున్న తువ్వాలు, దిగేముందు పట్టించిన నాటుసారా ఈ వాయువులను ఆపవు.

ఇప్పుడు బేరం లెక్కకు వద్దాం. ఇవి ఎవరి పుస్తకంలోంచీ తీసిన అంకెలు కావు, విషయం తేటపడటానికి వేసుకున్నవి. ఒక లోడు తీయడానికి పోనూ రానూ డీజిలు 800, ఇద్దరి కూలి 1,200, బండి అప్పు వాయిదా, రిపేర్లు కలిపి లోడుకు పడే వాటా 600, అదనపు పైపు, గ్యాస్ మీటరు, చేతి తొడుగులు, జెట్ పంపు అరుగుదలకు 200, తీసిన మురుగును సరైన చోటికి చేర్చడానికి 300. మొత్తం 3,100. ఇంటివాడు గట్టివాడు, బేరమాడి 2,500కు దించాడు. తగ్గిన ఆరు వందలు ఎక్కడినుంచి వచ్చాయి? బంకువాడు డీజిలు తగ్గించి పోయడు. బ్యాంకువాడు వాయిదా తగ్గించడు. కాబట్టి మొదట రక్షణ సామాను తాలూకు రెండు వందలు మాయమవుతాయి. తర్వాత మురుగును సరైన చోట పోసే మూడు వందలు మాయమవుతాయి, అంటే బండి ఊరు దాటగానే వంకలోకి పైపు విప్పుతుంది. మిగిలిన వంద సహాయకుడి కూలిలోంచి పోతుంది. ఇంటివాడికి కనిపించే పనిలో తేడా రాలేదు, గుంత ఖాళీ అయింది. ఆరు వందలు గెలిచానని అతను అనుకుంటాడు. నిజానికి ఆ డబ్బు ఒక కూలీ ఊపిరితిత్తుల్లోంచీ, కింది ఊళ్ల నీళ్లలోంచీ వచ్చింది. మామూలు సరుకులో బేరమాడితే అమ్మేవాడి లాభం తగ్గుతుంది. ఈ పనిలో లాభం ముందే సన్నం కాబట్టి బేరం నేరుగా సామాను మీద పడుతుంది.

ఇది తాడిమర్రికి ఊహాగానం కాదు. ఆ మండలం చిత్రావతి పరివాహకంలో ఉంది. వంకలన్నీ చివరికి చేరేది ఆ నదికే. కొంచెం కిందనే పార్నపల్లి దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు ఉంది. ఏడాదికి ఐదారు వందల మిల్లీమీటర్ల వాన కురవడమే గొప్పయిన సీమ ఇది. నిండుగా పారే నదికి మురుగును పలచన చేసే శక్తి కొంత ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకగా ఉండే నదికి ఆ శక్తి లేదు. వంకలో పోసిన లోడు ఎండాకాలమంతా అక్కడే ఉండి, మొదటి వానతో కదిలి, చెరువుకో బోరుకో చేరుతుంది. అందుకే ధరలో 'ఎక్కడ పోస్తావు' అన్నదానికి ఒక పద్దు ఉండి తీరాలి. బెంగళూరు దగ్గరి దేవనహళ్లిలో 2015లోనే ఇలాంటి మురుగును శుద్ధిచేసి ఎరువుగా మార్చే కేంద్రం పెట్టారు. తెలుగునాట వరంగల్ నగరం 2016లోనే ఈ మల వ్యర్థాల నిర్వహణకు ప్రత్యేక నిబంధనలు రాసుకుంది. దారి తెలియనిదేం కాదు, ఆ దారి వెంట పోవడానికయ్యే డీజిలు ఎవరు పెట్టుకోవాలన్నదే తేలలేదు.

మరి సామాను ఎంపిక ఎలా చేయాలి? పట్టణాల్లో చూసిన పెద్ద లారీ, వాణిజ్య ప్రదర్శనల్లో చూసిన రోబో ఇక్కడ సరైన జవాబులు కావు. కేరళ యువ ఇంజనీర్లు తయారుచేసిన 'బ్యాండికూట్' రోబో మెచ్చుకోదగిందే, కానీ అది నగరపు మ్యాన్‌హోళ్ల కోసం పుట్టింది. భూగర్భ డ్రైనేజీయే లేని ఊరికి దాన్ని తెచ్చి ఏం చేస్తాం? ఇంతకంటే దగ్గరి పాఠం హైదరాబాదుది. అక్కడ పెద్ద జెట్టింగ్ యంత్రాలు బస్తీల సందుల్లో తిరగలేవని గుర్తించిన జలమండలి 2017లో 70 చిన్న యంత్రాలను రంగంలోకి దింపింది. దళిత పారిశ్రామికవేత్తల సంస్థ డిక్కీ తోడ్పాటుతో దళితులు వాటిని నడిపింది కూలీలుగా కాదు, యజమానులుగా. సందు వెడల్పు చూసి యంత్రాన్ని ఎంచుకోవడం అందులో మొదటి తెలివి. పని ఒప్పందం చేతిలో పెట్టి యంత్రం కొనిపించడం రెండో తెలివి. మన మండలాలకు ఈ తెలివి ట్రాక్టరు రూపంలో కుదురుతుంది. ట్రాక్టరు ఇంజనుతోనే తిరిగే వాక్యూమ్ పంపు, వెనక మూడు నాలుగు వేల లీటర్ల ట్యాంకు ఉంటే విడిగా లారీ అప్పు మోయనక్కర్లేదు. ఒక చిక్కుంది. వానల్లో గుంతలు పొంగే రోజులు, వేరుశనగ పొలానికి ట్రాక్టరు కావలసిన రోజులు ఒకదానిమీద ఒకటి పడతాయి. అందుకే గుంతలు తీసే పని ఎండాకాలానికి జరుపుకోవడం ఇంటివాడికీ ట్రాక్టరువాడికీ లాభమే. ఎండాకాలానికి కొంత తక్కువ ధర, వానాకాలం అత్యవసరానికి కొంత ఎక్కువ ధర పెట్టడం అన్యాయం కాదు, అది పనిని సరైన నెలలకు నడిపించే పద్ధతి.

ట్యాంకరు ఒక్కటే ఉంటే మాత్రం సామాను పూర్తయినట్టు కాదు. అసలు ప్రాణం కాపాడేది అడుగు పొరను పైనుంచే కదిపే చిన్న పరికరాలు: జెట్ పంపు, పొడుగాటి కలుపు గడ, అడ్డుపడిన గొట్టానికి స్ప్రింగు రాడ్డు. వీటి ఖరీదు ట్యాంకరు ఖరీదులో అణువంత, కానీ వీటిని కొనాలని తోచకపోవడం వల్లే మనిషి దిగాల్సి వస్తోంది. దిగక తప్పని పరిస్థితి ఎప్పుడైనా వస్తే గ్యాస్ మీటరు, గాలి తోలే బ్లోయరు, బయటి గాలిని అందించే ముసుగు, నడుముకు పట్టీ, పైనుంచి లాగే తిప్పుడు చట్రం ఉండాలి. మామూలు గాలిలో ప్రాణవాయువు దాదాపు 21 శాతం. 19.5 శాతం కన్నా తగ్గితే లోపల మనిషి ఉండకూడదు. ఇవన్నీ తాడిమర్రిలో ఒక ట్రాక్టరువాడు కొనగలడా అంటే కొనలేడు. మండలానికి ఒక జత పంచాయతీల తరఫున ఉంచి, వాడిన రోజుకు బాడుగ తీసుకోవచ్చు. లేని ఊళ్లో నియమం ఒకటే సరిపోతుంది: పైనుంచి రాని బురద ఈ రోజుకు రాదు, మళ్లీ నీళ్లు పోసి నానబెట్టి వారం తర్వాత రావాలి. ఆ రెండో రాకకు కూడా ధరలో చోటు ఉండాలి.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ పేదరికం. కరువు సీమలో కూలికి పోయే కుటుంబం మూడు వేలు ఎక్కడ తెస్తుంది, నువ్వు చెప్పే నిజమైన ధర పెడితే వాళ్లు గుంత తీయించడమే మానేస్తారు కదా అంటారు. ఇది బలమైన మాటే. కానీ ఈ వాదన చెబుతున్నది పేదవాడి ఖర్చును అతనికన్నా పేదవాడు ప్రాణంతో భరించాలని. ఈ పనిలోకి దిగేది ఎక్కువగా దళితులే, అదీ మాదిగ, రెల్లి వంటి కులాలవాళ్లేనన్నది మనందరికీ తెలిసిన నిజం. పేద ఇంటికి సాయం కావాలంటే ప్రభుత్వం చేయాలి. ధరలోంచి గ్యాస్ మీటరు తీసేయడం సాయం కాదు. పైగా ఖర్చు భారం అనిపించేది పదిహేనేళ్లకోసారి ఒక్కసారిగా వచ్చి పడుతుంది కాబట్టి. మహారాష్ట్రలోని వాయి పట్టణం 2018లో మొదలుపెట్టిన పద్ధతి చూడండి. ఇంటివాళ్లు పిలిచేదాకా ఆగకుండా, వరుస ప్రకారం మూడేళ్లకోసారి ప్రతి ట్యాంకూ తీస్తారు, ఖర్చు పారిశుద్ధ్య పన్నులో సర్దుతారు. వరుసగా ఒకే వీధిలో పది ఇళ్లు తీస్తే దూరం ఖర్చు పదిమందికి పంచబడుతుంది. మూడేళ్ల బురద గట్టిపడి ఉండదు కాబట్టి తక్కువ సామానుతోనే పని అవుతుంది. బేరంతో కాక, క్రమంతో ధర తగ్గడం ఇదే.

పన్ను అనగానే రెండో ఆక్షేపణ సిద్ధంగా ఉంటుంది. మన పట్టణాల్లో చెత్త పన్ను వేసినప్పుడు జనం ఎంత విసుక్కున్నారో, చివరికి 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించాల్సి వచ్చిందో గుర్తులేదా అని. గుర్తుంది. అందులోంచి నేను తీసుకునే పాఠం వేరు. అంతకుముందు ఊరకే అందుతున్నదనుకున్న పనికి ఇంటింటికీ వచ్చి డబ్బు అడిగితే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. గుంత తీయడం ఎప్పుడూ ఊరకే జరగలేదు. ఇప్పటికే జేబులోంచి ఇస్తున్నాం. ఒకేసారి ఇస్తున్నదాన్ని ఏటా కొంచెంగా, రసీదుతో, ఏ సంవత్సరం బండి వస్తుందో ముందే చెప్పి తీసుకుంటే అది కొత్త భారం కాదు. చెప్పిన సంవత్సరం బండి రాకపోతే మాత్రం జనం తిరగబడటం న్యాయమే.

మూడో ఆక్షేపణ చట్టం పేరు చెప్పి వస్తుంది. 2013 చట్టం మనిషిని ఇలా దించడం నేరమన్నది, మొదటిసారికే రెండేళ్ల జైలు, రెండు లక్షల జరిమానా దాకా పెట్టింది. సుప్రీంకోర్టు 2014లో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలన్నది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ఇన్ని ఉండగా ధరల చర్చ ఎందుకు? కోలార్ బంగారు గనుల ఊళ్లో పుట్టి 2016లో మెగసెసె అందుకున్న బెజవాడ విల్సన్, ఆయనకు అండగా నిలిచిన ఎస్.ఆర్. శంకరన్ వంటివాళ్ల దశాబ్దాల పోరాటం లేకపోతే ఈ మాత్రం చట్టమూ లేదు, దాని విలువను తగ్గించడం లేదు. కానీ చట్టం పనిచేసేది ఎక్కువగా చావు తర్వాత. బేరం జరిగేది చావుకు గంట ముందు, ఇంటి గుమ్మం దగ్గర, పోలీసూ అధికారీ లేని చోట. పైగా చట్టం అంటున్నది కాంట్రాక్టరును మాత్రమే కాదు, పనికి పెట్టుకున్న ఏ వ్యక్తినైనా. అంటే గుంత యజమాని కూడా అందులో ఉన్నాడు. 'వాడే దిగుతానన్నాడు, నేను వద్దన్నానా' అనే సమాధానం అక్కడ నిలవదు. ఆకలి ఒప్పించినదాన్ని ఇష్టం అనలేం.

చివరి ఆక్షేపణ నాకు నచ్చినదే. అసలు బండి అవసరమే లేకుండా కట్టుకోవచ్చు కదా అన్నది. నిజమే. రెండు గుంతల మరుగుదొడ్డిలో ఒకటి నిండాక మూసేసి రెండోదానికి మళ్లిస్తారు. మూసిన గుంత ఏడాది దాటేసరికి వాసన లేని పొడి మట్టిలా మారుతుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ జిల్లా గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా అలాంటి గుంతలో దిగి ఎరువు తోడి చూపించారు. కొత్తగా ఇల్లు కడుతున్న ప్రతివారూ మొదట ఆలోచించవలసింది ఇదే. నీటిమట్టం లోతుగా ఉండే సీమ ఊళ్లలో ఇది బాగా సరిపడుతుంది, తాగునీటి బావికి మాత్రం దూరంగా ఉండాలి. అయినా ఇప్పటికే సిమెంటు చేసి మూత బిగించిన ట్యాంకులను ఏం చేస్తాం? పైన స్నానాల గది కట్టేసి, మూత ఎక్కడుందో ఇంటివాళ్లకే గుర్తులేని గుంతలను ఏం చేస్తాం? వాటికి బండి తప్పదు, ధరా తప్పదు.

అయితే ఆ ధర చాటుగా, గుమ్మం దగ్గర తేలకూడదు. పంచాయతీ కార్యాలయం గోడమీద ఒక పట్టిక రాయవచ్చు: మామూలు లోడుకు ఇంత, పైపు ముప్పై మీటర్లు దాటితే అదనంగా ఇంత, గట్టి బురదకు జెట్ పెడితే ఇంత, మురుగు దించే చోటు ఫలానా, దానికి ఇంత, మనిషి దిగడానికి ఏ ధరా లేదు. ఈ చివరి వాక్యమే ఆ పట్టికలో అన్నిటికన్నా ముఖ్యం. మిగతా పద్దుల్లో అంకెలు మారుతుంటాయి, డీజిలు పెరిగితే పెరుగుతాయి. బండి నమోదు చేసుకోని వాడికి పట్టికలో చోటు లేదు, పట్టికకు తక్కువగా చేస్తానన్నవాణ్ని మెచ్చుకోకుండా, ఏం తగ్గించి చేస్తావని ముందు అడగాలి. సామాను పద్దులు ముట్టుకోకుండా ధర తగ్గించగలిగితే ఎంతైనా తగ్గించవచ్చు: పది ఇళ్లు కలిసి ఒకేసారి పిలవండి, ఎండాకాలంలో పిలవండి, మూడేళ్లకోసారి పిలవండి. ఇంటివాడికి ఇంత మిగిలే దారులు ఇన్ని ఉండగా, మిగుల్చుకోవడానికి మరొకరి ఊపిరి మీద బేరమాడవలసిన అవసరం ఏ ఇంటికీ లేదు.